వేలిజాడ

పేరు మార్చుకున్న మనిషిని పట్టుకోవడానికి ఎంతసేపు పడుతుందో ఆ మధ్యాహ్నం ఆఫీసులో నస్రీన్ అందరికీ చూపించింది. ఆమె గ్లాసులో టీ చల్లారేలోపు పని అయిపోయింది.

అందరి ఫోన్లూ ఒకరివి ఒకరికి మార్పించింది, దొంగపేర్లు పెట్టించింది, తలా ఓ మూల కూర్చుని ఒక్కో పులి-మేక ఆట ఆడమంది. జీతాల లెక్కలు చూసే అప్పలరాజు గారు 'మిస్ భీమిలి' అని పేరు పెట్టుకుని, గులాబీపువ్వు ఫోటో తగిలించి, ప్రొఫైల్‌కి తాళం కూడా వేసుకుని మరీ ఆడారు. నాలుగు ఎత్తులు వేశారో లేదో, గోడ మీది తెర ఆయన అసలు పేరు చూపించేసింది. అందరూ పడీ పడీ నవ్వారు. ఆయన మాత్రం నవ్వలేదు.

"అంటే ఇక ఎవడూ ఎక్కడా దాక్కోడానికి లేదన్నమాట" అని గొణిగారు.

"వెధవ్వేషాలు వేసేవాళ్లకే లెండి. మంచివాళ్లకేం భయం?" అంది సుభాషిణి.

అలా పేర్లు పట్టేసే యంత్రం సుభాషిణి బుర్రలోంచి పుట్టిందే, నస్రీన్ దాని మీద ఆమెతో కలిసి పనిచేస్తోంది. పేరు వేలిజాడ. విశాఖలో ఋషికొండ దాటాక కొండవాలున ఉంది వాళ్ల చిన్న కంపెనీ. 'అరుగు' అనే పేరుతో ఫోన్లో పాతకాలపు ఆటలు ఆడిస్తుంది. ఆడవాళ్లూ పిల్లలూ ఎక్కువగా ఆడతారు. వాళ్లందరి గోలా ఒకటే. ముక్కూమొహం తెలియనివాడు ఫ్రెండ్ రిక్వెస్ట్ పెడతాడు. వద్దంటే ఇంకో పేరుతో పెడతాడు. బ్లాక్ చేస్తే కొత్త అవతారం ఎత్తి మళ్లీ ఊడిపడతాడు. పేరు మార్చుకున్నంత సులువుగా పావు జరిపే వేలిని మార్చుకోలేడు కదా అని సుభాషిణికి తట్టింది. అద్దం మీద వేలు ఎక్కడ తటపటాయిస్తుంది, ఏ ఖాళీచోటు దాకా వెళ్లి వెనక్కి వస్తుంది, ఎంత గట్టిగా అదుముతుంది అన్నవన్నీ కలిపి చూస్తే మనిషి దొరికిపోతాడు. ఒక్కసారి బ్లాకయినవాడు ఏ వేషంలో వచ్చినా, వేలు పెట్టగానే వాడి మొహం మీద తలుపు పడుతుంది.

ఈ ఆలోచన ఆమెకు ఊరికే రాలేదు. కాకినాడలో సారథితో కాపురం చేసినన్నాళ్లూ ఆమె ఫోను ఆమెది కాదు. ఎవరితో మాట్లాడావు, ఎందుకు నవ్వావు, ఈ నంబరెవడిది అని లాక్కుని చూసేవాడు. మాటలు కాస్తా దెబ్బల దాకా వచ్చాక కూతుర్ని తీసుకుని బయటపడింది. తల్లీకూతుళ్ల జోలికి పోవద్దని కోర్టు అతనికి గట్టిగానే చెప్పింది. వాళ్లు ఏ ఊళ్లో ఉంటున్నారో అతనికి తెలియదు. తెలియక అరుగులో వెతికాడు, పూటకో పేరుతో రిక్వెస్టులు పెట్టాడు. ఆమె ఫిర్యాదు చేసి అతని ఖాతా మూయించింది, తన పాత ఖాతా తానే మూసుకుంది. కొత్త ఖాతాలో ఆమెకు ఫోటో లేదు, ఊరు లేదు. పేరు 'పదహారో మేక'. ఆటలో మేకలు పదిహేనే, పదహారోదాన్ని ఎవడు వెతుకుతాడులే అని ఆమె ధీమా.

ఆ ధీమా ఆ మధ్యాహ్నమే పోయింది. అందరూ ఇంకా అప్పలరాజు గారిని ఆటపట్టిస్తుండగానే సుభాషిణి ఫోను మోగింది.

'ఆకలేసిన పులి మీతో స్నేహం కోరుతున్నారు.'

ప్రొఫైల్ తెరవబోతే తాళం. కింద ఒక ముక్క రాసి ఉంది: 'ఇవాళ పసుపు చీర బాగుంది.'

ఆమె తలొంచి తన చీర చూసుకుంది. పసుపుదే.

వేలిజాడ ఇంకా పరీక్షల్లోనే ఉంది. ఒప్పుకుని పేరిచ్చిన నలభై మంది ఆటల్ని తప్ప బయటివాళ్ల ఆటల్ని అందులో పెట్టకూడదని ఆమే, నస్రీనూ కూర్చుని నియమం రాసుకున్నారు. నస్రీన్ మీటింగుకి వెళ్లేదాకా ఆగి, సుభాషిణి ఆ నియమం తప్పింది. ఒకవైపు సారథి పాత ఆటలు పెట్టింది, ఇంకోవైపు ఆకలేసిన పులి ఎవరెవరితోనో ఆడిన ఆటలు. తెర ఎక్కువసేపు ఆలోచించలేదు. నూటికి తొంభైపాళ్లకు మించి ఒకే చెయ్యి అంది. తెలిసిన సంగతే అయినా ఆమె పక్కనున్న కుర్చీ లాక్కుని కూర్చుంది.

*

ఇల్లు ఎం.వి.పి. కాలనీలో, మూడో అంతస్తు. కూతురు కిన్నెర ఏడో తరగతి. తల్లి చెప్పులు విప్పకముందే ఎదురొచ్చింది.

"అమ్మా, ఇవాళ నాతో ఆడతావా?"

"తర్వాత తల్లీ, బోల్డు పనుంది" అంటూనే సుభాషిణి బాల్కనీలోకి వెళ్లి రోడ్డు మీదికి తొంగిచూసింది. ఎదురింటి వాచ్‌మన్ తలెత్తి ఇటే చూస్తున్నాడు. గబుక్కున తలుపేసేసింది. "స్కూలు దగ్గర ఎవరైనా కనిపించారా? కొత్తవాళ్లెవరైనా మాట్లాడారా నీతో?"

"లేదు" అని కిన్నెర ఒక్క క్షణం ఆగింది. కళ్లలో ఏదో మెరుపు. "ఏమ్మా, అరుగులో ఏంటి విశేషాలు?"

"ఎందుకడుగుతున్నావు? ఎవరైనా అడగమన్నారా?"

"ఊరికే అడిగానమ్మా" అని పిల్ల మొహం ముడుచుకుని లోపలికి పోయింది.

కిన్నెర స్నానానికి వెళ్లగానే సుభాషిణి ఆ పిల్ల ట్యాబ్ తీసింది. ఇది రోజూ జరిగేదే. అరుగులో కిన్నెర ఖాతాకి తను వేసిన తాళం వేసినట్టే ఉంది. కొత్త స్నేహితులు లేరు. ట్యాబ్ ఎక్కడిదక్కడ, ఏ వాలులో ఉన్నది ఆ వాలులోనే పెట్టేసింది. పిల్లకి కాపలా కాయడం తల్లి ధర్మం కదా అని తనకు తాను సర్దిచెప్పుకుంది.

పై అంతస్తు సత్యవతి గారు గిన్నెతో పులిహోర పట్టుకొచ్చి, "పొద్దున్న మిమ్మల్ని బస్టాపులో చూశానండీ. పసుపురంగు మీకు భలే నప్పుతుందండీ" అన్నారు. ఇంకో రోజైతే సుభాషిణి మురిసిపోయేది. ఆ రోజు మాత్రం గుమ్మంలోనే నిలబెట్టి, ఆవిణ్ణి ఎగాదిగా చూసి, కడుపులో బాలేదని చెప్పి గిన్నె తిప్పిపంపింది. పాపం ఆవిడ బిత్తరపోయి మెట్లెక్కి వెళ్లిపోయారు.

మర్నాడు వాన. బస్సులో సగం దూరం వెళ్లాక మళ్లీ అదే పులి.

'గొడుగు మర్చిపోయావు. తడిసిపోతావు.'

సుభాషిణి బస్సులో వెనక్కి తిరిగి ఒక్కొక్క మొహాన్నీ చూసింది. పక్కసీటు ముసలాయన ఆమె చూపుకి జంకి సంచీ ఒళ్లోకి లాక్కున్నాడు. ఆమె తర్వాతి స్టాపులో దిగిపోయి, తడుస్తూనే, ఆడవాళ్ల సాయం కోసం పెట్టిన నంబరుకి ఫోన్ చేసింది. విన్న పోలీసమ్మాయి మంచిదే. కాకినాడలో కనుక్కుంటానంది, సాయంత్రానికల్లా కనుక్కుంది కూడా.

"మేడమ్, ఆయన కాకినాడలోనే ఉన్నాడండి. షాపులో కూర్చుని ఉన్నాడు. ఆ ఆట మానేసి చాలా కాలమైందంటున్నాడు."

"అబద్ధమండీ. మా మెషీన్‌లో క్లియర్‌గా వచ్చింది, అతని చెయ్యే."

"మెషీన్ సంగతి నాకు తెలీదు మేడమ్. మనిషి మాత్రం అక్కడే ఉన్నాడు."

"అయితే ఇక్కడ ఎవర్నో పెట్టి నా మీద కన్నేయించాడు. ఆ మెసేజులు ఆయనకి చదివి వినిపించండి. ఏ పేరుతో పెట్టాడో, నా ఏ పేరుకి పెట్టాడో మొత్తం చెప్పండి. దొరికిపోయానని తెలియాలి వాడికి."

"మీ పేరు కూడా చెప్పమంటారా మేడమ్?"

"చెప్పండి!"

ఆ కోపంలో తను ఏం చేస్తోందో ఆమెకు తెలియలేదు. ఫోను పెట్టేసి, ఇంకో పని కూడా చేసింది. ఆ చేతిని వేలిజాడ నల్లజాబితాలో పడేసి, ఆ జాబితాను అరుగు మొత్తానికీ తగిలించింది. పేరునో ఖాతానో కాదు, చేతినే. ఇక అరుగులో ఏ మూల ఆ వేలు పడినా గెంటివేతే. ఆ మీట నొక్కినప్పుడు ఆమెకు ఎన్నాళ్లకో కడుపునిండా ఊపిరి పీల్చుకున్నట్టయింది.

*

ఇంటికొచ్చి, "కిన్నెరా, మనం ఇల్లు మారుతున్నాం. స్కూలు కూడా" అని చెప్పింది.

కిన్నెర మంచం మీద మోకాళ్లు దగ్గరికి ముడుచుకుని కూర్చుని ఉంది. ఏడ్చి ఏడ్చి మొహం ఉబ్బిపోయింది. ఇల్లు మారడం గురించి కాదు, ఇంకా ఆ మాట చెవికే ఎక్కినట్టు లేదు.

"అమ్మా, అరుగు నన్ను రానివ్వట్లేదు. నేను బ్లాకయిన మనిషినట. నేనేం చేశానమ్మా?"

సుభాషిణికి మొదట అర్థం కాలేదు. అర్థమయ్యాక తోచిన మొదటి ఆలోచన మాత్రం మళ్లీ అతనే. దుర్మార్గుడు, పిల్ల ట్యాబ్‌లోకి దూరాడు! ఒక్క ఉదుటున ట్యాబ్ లాక్కుని వెతకడం మొదలుపెట్టింది. ఖాతా మార్చే చోట వేలు పెట్టేసరికి కిన్నెర పేరు కింద ఇంకో పేరు కనిపించింది.

ఆకలేసిన పులి.

"ఇదెవరిచ్చారు నీకు? నాన్న ఇచ్చాడా? నాన్నతో మాట్లాడుతున్నావా నువ్వు? చెప్పు! ఎన్నాళ్ల నుంచి?"

"నాన్న లేడమ్మా ఇందులో. నేనే."

"అబద్ధమాడకు. చెయ్యి ఆయనదని మెషీన్ చెప్పింది."

కిన్నెర ఏడుపు ఆపేసింది. తల్లి చేతిలో ఉన్న ట్యాబ్ వంక చూసి, మెల్లిగా అంది, "నాన్న కూడా నీ ఫోను ఇలాగే లాక్కునేవాడు."

సుభాషిణి ట్యాబ్ మంచం మీద పెట్టింది. చెంపదెబ్బ కొట్టినా అంత నొప్పి పుట్టేది కాదు. ఎందుకంటే అది నిజం. కాకినాడ ఇంట్లో సారథి నిలబడ్డట్టే తాను నిలబడింది, ఆ ప్రశ్నలే అడిగింది, ఆ గొంతుతోనే అడిగింది.

పిల్లే మళ్లీ మాట్లాడింది. "నువ్వు ఆఫీసులో ఎవరెవరితోనో ఆడతావు కదా. నాతో అయితే తర్వాత అంటావు. పులి పేరుతో పిలిస్తే అయినా ఆడతావేమోనని పెట్టాను. నువ్వు ఆడుతుంటే చూశాగా నీ పేరు. పసుపు చీర అనగానే కనిపెట్టేస్తావనుకున్నా. గొడుగు అయితే తలుపు వెనకాలే ఉంది కదా, నేను చూశాను. నువ్వు నవ్వుతూ వస్తావనుకున్నానమ్మా."

"మరి ఆ చెయ్యి..." అని సుభాషిణి ఆగిపోయింది. లేచి వంటింట్లోకి వెళ్లి, ముగ్గుపిండి తెచ్చి, నేల మీద పులి-మేక పటం గీసింది. చింతగింజలు మేకలు, మూడు వెల్లుల్లి రెబ్బలు పులులు. "రా. ఆడదాం."

కిన్నెర కళ్లు తుడుచుకుని పులుల వైపు కూర్చుంది. సుభాషిణి మేకల్ని ఒక్కొక్కటీ దింపుతూ పటాన్ని చూడలేదు, కూతురి చూపుడువేలినే చూసింది. పొద్దస్తమానం ఊళ్లో వాళ్ల వేళ్లన్నీ చూసే మనిషి, సొంత బిడ్డ వేలిని చూడడం అదే మొదలు.

పులి దూకాల్సిన మేక ఎదురుగానే ఉంది. కిన్నెర వేలు వెల్లుల్లి రెబ్బ మీద ఆగింది. మేక చుట్టూ ఒక చుట్టు తిరిగింది. సంబంధం లేని ఖాళీ మూల దాకా పోయి, దాన్ని తడిమి, వెనక్కొచ్చి, అప్పుడు దూకింది. అచ్చం సారథే. ఇరవైసార్లు ఎదురుగా కూర్చుని ఓడిపోయిన ఆట, సుభాషిణికి తెలియదా?

"అలా ఎందుకు తిప్పుతావు వేలు?"

"నాన్న నేర్పాడుగా. ఒళ్లో కూర్చోబెట్టుకుని నా చెయ్యి పట్టుకుని తిప్పించేవాడు. దూకే ముందు మేక భయపడాలి అనేవాడు." కిన్నెర చటుక్కున చెయ్యి వెనక్కి లాక్కుని వీపు వెనక దాచుకుంది. "మార్చుకోవాలా అమ్మా? ఎడమచేత్తో ఆడనా?"

సుభాషిణి పటం చెదిరిపోతున్నా చూసుకోకుండా ముందుకు వంగి, ఆ దాచుకున్న చేతిని బయటికి తీసి తన చెంపకు ఆనించుకుంది. చాలాసేపు ఏడ్చింది. ఒక వెల్లుల్లి రెబ్బ మోకాలి కింద నలిగి గదంతా ఘాటెక్కింది.

*

నస్రీన్ మొత్తం విన్నాక ముందు తిట్టాల్సినవన్నీ తిట్టింది. నియమం తప్పినందుకు, తనకు చెప్పనందుకు, పులిహోర వెనక్కి పంపినందుకు కూడా. తర్వాత తలపట్టుకుని కూర్చుంది.

"మన నలభై మందిలో ఒక ఇంటివాళ్లు ఇద్దరున్నారా సుభా?"

"లేరు. ఒక ఇంటి నుంచి ఒక్కరినే తీసుకోవాలనుకున్నాంగా. ఇంట్లోవాళ్ల గుట్టు ఒకళ్లది ఒకళ్లకి తెలియకూడదని."

"అదీ మన నిర్వాకం. గుట్టు కాపాడబోయి అసలు సంగతి చూడలేదు. ఒక చేతి కింద నేర్చుకున్నవాళ్లంతా దీని లెక్కలో ఒక్కరే. రేపు దీన్ని ఊరి మీదికి వదిలితే, తండ్రి వెధవైతే పిల్లలందరికీ తలుపులు మూసేస్తుంది. వాళ్లకి కారణం కూడా తెలియదు."

వేలిజాడను పక్కన పెట్టేశారు. నల్లజాబితాలోంచి ఆ చేతిని తీసేయాల్సింది సుభాషిణే. ఉంచితే కిన్నెర ఎన్నటికీ బయటే ఉండిపోతుంది. తీస్తే కిన్నెరతో పాటు ఇంకొకడికీ దారి తెరుచుకుంటుంది. తెలిసే తీసేసింది.

"ఇంకోమాట" అంది నస్రీన్, ఆమె వంక చూడకుండా. "ఆ పోలీసమ్మాయి చేత నీ పేరు చెప్పించావు చూడు. పదహారో మేక ఎవరో ఆయనకి అప్పటిదాకా తెలీదు. నువ్వే చెప్పావు."

పేరు ఆ పూటే మార్చేసుకోవచ్చు. కానీ కిన్నెర స్నేహితుల జాబితాలో ఇప్పుడున్న ఒకే ఒక్క మనిషి పదహారో మేక. సుభాషిణికి మార్చబుద్ధి కాలేదు.

ఇల్లు మారలేదు, స్కూలు మారలేదు. సత్యవతి గారింటికి వెళ్లి క్షమించమని అడిగి, ఆవిడ పెట్టిన పెసరట్టు తిని వచ్చింది. సాయంత్రాలు తల్లీకూతుళ్లు ఆడుకుంటున్నారు. కిన్నెర జాలి లేకుండా ఓడిస్తోంది. ట్యాబ్ జోలికి సుభాషిణి పోవడం లేదు. పిల్ల స్నానానికి వెళ్లినప్పుడల్లా చేతులు ఊరుకోక కూర తరుగుతూ కూర్చుంటోంది.

అలాంటి ఒక సాయంత్రం, బెండకాయలు తరుగుతుండగా, ఫోను మోగింది.

'ఆకలి తీరని పులి మీతో స్నేహం కోరుతున్నారు.'

తాళం వేసిన ప్రొఫైల్. ఫోటో లేదు, ఊరు లేదు. కింద ఒక్క మాట: 'ఆడదామా?'

పిల్ల అల్లరి పని అయుండొచ్చు, పాత సరదా పోక. కాకినాడలో ఆ పేర్లన్నీ విన్నవాడి పని కూడా అయుండొచ్చు. వేలిజాడను అడిగి లాభం లేదు. అది ఇద్దరినీ కలిపి ఒక్కరనే చెబుతుంది. తన యంత్రం చేతులెత్తేసిన చోట సుభాషిణి కత్తిపీట పక్కన పెట్టి, ఫోను పట్టుకుని కూర్చుండిపోయింది.

కిన్నెర తల తుడుచుకుంటూ వచ్చింది. "ఏంటమ్మా అలా ఉన్నావు?"

సుభాషిణి ఫోను చూపించింది. "ఇది నువ్వేనా?"

కిన్నెర చదివింది. మొహంలో రంగు మారింది. "నేను కాదు" అంది. తర్వాత తల్లి కళ్లలోకి చూసి, "నేను కాదంటే నమ్ముతావా?" అని అడిగింది.

ట్యాబ్ చెయ్యి చాపితే అందేంత దూరంలో, బల్ల మీద ఉంది. ఒక్కసారి తెరిచి చూస్తే తేలిపోతుంది. సుభాషిణి చెయ్యి దానంతటదే అటు కదిలింది. ఆ కదలడం కిన్నెర కూడా చూసింది. సుభాషిణి ఆ చేతిని వెనక్కి తీసుకుని ఒళ్లో పెట్టుకుంది.

"నమ్ముతాను" అంది. "నువ్వు కాదంటే అది ఎవరో మనిద్దరికీ తెలుసు. రేపు పొద్దున్నే ఆ పోలీసమ్మాయికి చెబుదాం. ఇప్పుడు దీన్ని నువ్వే వద్దను."

ఫోను కూతురి చేతికిచ్చింది.

తెర మీద రెండు మీటలున్నాయి, 'సరే' అని ఒకటి, 'వద్దు' అని ఒకటి. కిన్నెర వేలు 'వద్దు' మీదికి వచ్చి ఆగింది. గాలిలోనే దాని చుట్టూ ఒక చుట్టు తిరిగింది. అక్కణ్ణుంచి మెల్లగా 'సరే' దాకా వెళ్లి, దాని మీద అంటీ అంటనట్టు నిలబడింది. అది తండ్రి నేర్పిన అలవాటో, తండ్రి మీద బెంగో, చూసే కళ్లకు తెలిసే ఉపాయం లేదు. చాలాసేపు నిలబడ్డాక వేలు వెనక్కొచ్చింది, 'వద్దు' నొక్కింది.

అంతసేపూ సుభాషిణి చేతులు ఒళ్లోంచి తీయలేదు.